బాపు పెట్టిన పదును

కొలిమి ఖాళీ చేస్తున్నాం, నీకు పనికొచ్చేవి ఏమన్నా ఉంటే వచ్చి తీసుకుపొమ్మని అవ్వ ఫోన్ చేసింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు పోయి ఏడాది కావస్తోంది. లింగంపేటలో మా ఇంటి ముందు రేకుల కింద ఉండేది ఆయన కొలిమి. ఆ జాగాలో ఇప్పుడు మా చిన్నాయన కొడుకు జిరాక్స్ దుకాణం పెట్టుకుంటాడట. నేను కామారెడ్డిలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరును. ఆదివారం పూట లింగంపేట దాకా బస్సులో పోయి రావడం నాకు పెద్ద పనేమీ కాదు. అయినా మూడు ఆదివారాలు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఒకసారి తలనొప్పి, ఒకసారి బడిలో మీటింగు, మూడోసారి ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. సాకులు చెప్పడంలో నా చేయి చిన్నప్పుడే తిరిగింది. వాటిలో అన్నిటికంటే పెద్ద సాకు ఆ కొలిమి ముందే నిలబడి చెప్పాను. అందుకే అక్కడికి పోవాలంటే నాకు కాళ్ళాడవు.

నేను ఒకప్పుడు మంచు మీద జంటగా నాట్యం చేసే జూనియర్ క్రీడాకారిణిని. లింగంపేట పిల్లకు మంచేమిటి అని మీరు నవ్వితే తప్పు లేదు, మా ఊరంతా నవ్వింది. ఫ్రిజ్‌లో గడ్డ కట్టేది తప్ప మేం మంచు చూసిన వాళ్ళం కాదు. నేను చదివిన కామారెడ్డి బడికి డ్రిల్లు సారుగా వచ్చిన ప్రసాద్ సారు మాత్రం చూశారు. ఆయన ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి. కొండల్లో పోస్టింగ్ ఉన్నప్పుడు గడ్డ కట్టిన చెరువు మీద స్కేటింగ్ నేర్చుకున్నారట. మా బడి బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు మీద మాకు చక్రాల బూట్లు తొడిగి, ఆ విద్యంతా నేర్పారు. ఏడాదిలో రెండు వారాలు సెలవు పెట్టి ఢిల్లీ అవతల మాల్‌లో ఉన్న మంచు మైదానానికి తీసుకుపోయేవారు. ఏడాదంతా సిమెంటు, రెండు వారాలు మంచు. ఈత పుస్తకంలో చదివి బావిలో దూకినట్టే ఉండేది మా పని. అయినా ఏదో ఒక మోస్తరుగా వచ్చింది, నాకైతే బాగానే వచ్చింది. ఈ ఒక్క మాటలో మాత్రం నేను గొప్పలు పోవడం లేదు.

నా జంట శామ్యూల్. వాళ్ళది ఎల్లారెడ్డి, తల్లి నర్సు. కామారెడ్డి పోయే పొద్దుటి బస్సులో అతను ఎల్లారెడ్డిలో ఎక్కి కిటికీ పక్క సీటు మీద రుమాలు వేసేవాడు. లింగంపేటలో నేను ఎక్కగానే ఆ రుమాలు తీసి, సీటు నాకిచ్చి, తాను లేచి నిలబడేవాడు. నాకంటే ఒక ఏడాది పెద్ద. మాటలు తక్కువ, లెక్కల్లో దిట్ట. జంట నాట్యంలో ఎగిరి దూకడాలు ఉండవు. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఒకరి అడుగు పక్కన ఒకరు అడుగు వేస్తూ, ఒక్క మనిషిలా జారుతూ పోవాలి. చేయి విడిచినా మళ్ళీ అందేంత దూరంలోనే ఉండాలి. "ఆటంతా చేతులల్లనే ఉన్నది. కాళ్ళ సంగతి తర్వాత," అనేవారు సారు. నాకు కాళ్ళతో ఏ పేచీ లేదు. చేతులతోనే వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, పదిహేనేళ్ళ పిల్లగాని భుజం మీద చేయి వేసి, వాడి చేయి నడుం వెనక పెట్టించుకుని తిరుగుతున్న వీడియో ఒకటి మా బడి పిల్లల ఫోన్లలోంచి మా వాడకట్టుకు చేరింది. మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ నన్ను కూడా కత్తిరించారు. "ఏమే లచ్చవ్వా, నీ బిడ్డ ఆట నేర్సుకుంటున్నదా, అల్లుని తెచ్చుకుంటున్నదా?" అని మా అవ్వను అడిగిందొకామె. అవ్వ తలెత్తలేదు. "ఆటనే," అని మాత్రం అని, చుట్టిన బీడీ కొస మడిచి చాటలో వేసింది.

ఆ రోజుల్లో మా ఇంటికి రెండు వాసనలుండేవి. ముందు వైపు బొగ్గు, కాలిన ఇనుము. వెనక వైపు తంబాకు, తడిబట్టలో చుట్టిపెట్టిన తునికాకు. నేను బడికి పోయేముందు సబ్బుతో రెండుసార్లు మొహం కడుక్కునేదాన్ని. బాపు తెల్లారకముందే లేచి కొలిమి రాజేసేవాడు. వరికోతల ముందు మా గడపలో జాగా ఉండేది కాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి కొడవళ్ళు కట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళు. అరిగిన కొడవలికి మళ్ళీ కక్కులు కొట్టడం, అంటే రంపానికి ఉన్నట్టు సన్నని పళ్ళు తీయడం, అందరికీ చేతకాదు. బాపు కొట్టిన కక్కు రెండు కోతలకు వచ్చేదని చెప్పుకునేవాళ్ళు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పదునైన వస్తువు ఏదీ చేతిలోంచి చేతికి ఇచ్చేవాడు కాదు. చేతికిస్తే ఇద్దరికీ చెడుతుందని నమ్మకం. నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు, తీసుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. ఎంత పెద్ద పట్వారీ అయినా మా బాపు ముందు వంగి కొడవలి తీసుకోవలసిందేనని చిన్నప్పుడు నాకు లోలోపల గర్వంగా ఉండేది. కామారెడ్డి బడిలో చేరాక ఆ గర్వం ఎటు పోయిందో పోయింది. నాన్న ఏం చేస్తాడని ఎవరన్నా అడిగితే, ఇనుము వ్యాపారం అని చెప్పేదాన్ని.

రెండో ఏడు జూనియర్ల పోటీకి పోయేముందు సారు ఎవరినో పట్టుకుని నాకు ఒక జత మంచు బూట్లు సంపాదించారు. ఎవరో వాడి విడిచిన తెల్లతోలు బూట్లు, కింద మెరిసే ఇనుప బ్లేడు. అవి తొడిగి చూసుకోవడానికని ఇంటికి తెచ్చుకున్నాను. మరునాడు నేను బడికి పోయాక బాపు వాటిని ఒళ్ళో పెట్టుకుని చూశాడు. ఇనుము ఇంట్లోకి వస్తే ఆయన కళ్ళు ఊరుకోవు కదా. మంచు మీద జారే బ్లేడుకు అడుగున, పొడుగునా, నడుమ సన్నని గుంత ఉంటుంది. ఆ గుంతకు అటొకటి ఇటొకటి రెండు అంచులు. నాట్యం చేసేవాళ్ళు ఒకసారి లోపలి అంచు మీద, ఒకసారి బయటి అంచు మీద ఒరిగి తిరుగుతారు. ఆ సంగతి మా బాపుకు ఎవరు చెప్పాలి? ఆయన చూసింది అరిగిన కొడవళ్ళను. ఇనుము నడుమ గుంత పడిందంటే వాడి వాడి అరిగిపోయిందనే ఆయన లెక్క. దానికి తోడు బ్లేడు ముందు కొసన కక్కుల్లాంటి పళ్ళు ఉండనే ఉన్నాయి. ఆగి లేవడానికి ఉండే పళ్ళు అవి. ఇది కోసే సామానే అనుకున్నాడు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి రెండు బూట్లనూ నా ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"అరిగిపోయినయి బిడ్డా. నడుమంత గుంత పడ్డది. సాఫు జేసి పదును పెట్టిన. ఇగ నీకు తిరుగు లేదు," అన్నాడు. ఆ బ్లేడుతో ముంజేతి మీది వెంట్రుకలు గీసి కూడా చూపించాడు. నాకు బూట్ల సంగతి తెలుసు, కానీ బ్లేడును తిరగేసి అంత పట్టి చూసింది లేదు. మెరుస్తున్నాయని మురిసిపోయి సంచిలో పెట్టుకున్నాను.

పోటీకి ముందు ప్రాక్టీసులో, మంచు మీద అడుగు పెట్టిన మొదటి నిమిషంలోనే బోర్లా పడ్డాను. లేచాను, మళ్ళీ పడ్డాను. సారు వచ్చి బూటు విప్పించి తిరగేసి చూశారు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి బ్లేడు మీద అడ్డంగా పెట్టారు. రెండు అంచులూ సమంగా ఉంటే బిళ్ళ కదలకుండా పడుకుంటుంది. ఇక్కడ రెండు అంచులుంటే కదా. కత్తిలా ఒకటే అంచు. బిళ్ళ ఇటు ఊగి, అటు ఊగి కింద పడిపోయింది. చుట్టూ ఢిల్లీ పిల్లలు, బొంబాయి పిల్లలు, వాళ్ళ తల్లులు. "ఎవరమ్మా ఈ పని చేసింది?" అని సారు మెల్లగానే అడిగారు. మా బాపు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఏమో సార్, బజార్లో ఎవరో," అన్నాను. సారు పోయి, పోటీ అయిపోయిన ఒక పిల్ల బూట్లు నాకోసం అడిగి తెచ్చారు. వాటి మీద బిళ్ళ పెట్టి చూపించారు, కదలకుండా పడుకుంది. అవి నా కాళ్ళకు కొలతపెట్టి కుట్టినట్టు సరిపోయాయి. రెండు రోజులు వాటితోనే ప్రాక్టీసు చేశాను, ఒక్కసారి కూడా కాలు తడబడలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. పోటీలో నేను తొడుక్కున్నవి బాపు పదును పెట్టిన బూట్లు కావు.

పోటీ రోజు పాట మొదలైంది. మొదటి చుట్టు బాగా పోయింది. శామ్యూల్ చేయి వెచ్చగా, గట్టిగా ఉంది. రెండో చుట్టులో ఇద్దరం ఎదురెదురుగా దగ్గరికొచ్చి, నేను వెనక్కి జారుతూ తిరగవలసిన చోట, గోడ పక్కన సారు స్నేహితుడొకాయన ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తూ కనిపించాడు. మీ ఊరోళ్ళకు పంపిస్తానని పొద్దున్నే చెప్పాడు ఆయన. ఆ ఫోన్‌లో నాకు మా అరుగు కనిపించింది. అరుగు మీది చాటలు, కత్తెరలు, వాటి మీదుగా లేచే మొహాలు. శామ్యూల్ చేయి నా నడుం దగ్గరికి వస్తుండగా నేను చేయి లాక్కున్నాను. కాలు జారలేదు, బ్లేడు తప్పలేదు. చేయి లాక్కున్నాను, అంతే. పడిపోతున్న నన్ను పట్టుకోబోయి అతనూ పడ్డాడు. అతని మణికట్టు నా కింద నలిగింది. మంచు మీద ఎముక విరిగిన చప్పుడు పాటలో కూడా వినబడింది. శామ్యూల్ అరవలేదు. "ఎందుకు ఇడిసినవు?" అని ఒక్కమాట అడిగాడు.

మేం తిరిగి వచ్చేసరికి పడిపోయామన్న వార్త మాకంటే ముందే ఊరు చేరింది. నేను బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పుడు బాపు కొలిమి దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో పట్టకారు అలాగే ఉంది. పక్కన కొడవళ్ళు తెచ్చిన రైతులు నలుగురైదుగురు ఉన్నారు. దెబ్బ తగిలిందా అని అడగబోయాడు కానీ, ఆయన నోట ముందు వచ్చింది ఆ మాట కాదు. "పదును సరిపోయిందా బిడ్డా?" అన్నాడు. అందరూ నా మొహం వంక చూస్తున్నారు. ఎట్ల పడ్డావని వాళ్ళు అడగబోతున్నారు, అది చేయి ఎందుకు విడిచావన్న దాకా పోతుందని నా భయం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నాకు అప్పుడు ఒక మద్దెల కావలసి వచ్చింది. అది నా ఎదురుగా పట్టకారు పట్టుకుని నిలబడి ఉంది. "నీ పదునుతోనే పడ్డ బాపూ. నడుమ గుంత ఉండాలె. నువ్వు దాన్ని తీసేసినవు," అన్నాను. ఆయన తప్పు చేసిన రోజు పరాయి పిల్లల ముందు ఆయన పేరు దాచాను. ఆయన తప్పు లేని రోజు ఊరోళ్ళ ముందు తప్పంతా ఆయన మీదే పెట్టాను. "గట్లనా," అన్నాడు బాపు. పట్టకారులో కొడవలి చల్లారిపోయింది. దాన్ని మళ్ళీ నిప్పుల్లో పెట్టడం కూడా మరిచిపోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మరునాడు బాపు తెల్ల ధోవతి కట్టుకుని, తాను కొత్తగా చేసిన కత్తిపీట ఒకటి తువ్వాలలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి పోయాడు. బస్సులో నాకు రెండుసార్లు నిజం నోటిదాకా వచ్చింది, రెండుసార్లూ మింగేశాను. శామ్యూల్ వాళ్ళ ఇంట్లో అతను కుర్చీలో కూర్చున్నాడు, చేతికి పిండికట్టు. బాపు గడప లోపలికి పోలేదు. కత్తిపీటను గడప దగ్గర నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, శామ్యూల్ తల్లికి చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా. తెల్వక చేసిన. నా చేతుల తప్పుకు నీ కొడుకు చెయ్యి ఇరిగింది," అన్నాడు. ఆమె ఆయన చేతులు దింపబోతూ, "అయ్యో, పెద్దోళ్ళు మీరు గట్లనొద్దు. పిల్లలన్నంక పడ్తరు, లేస్తరు," అంది. శామ్యూల్‌కు అంతా తెలుసు. నా కాళ్ళకు ఏ బూట్లున్నాయో తెలుసు, చేయి ఎవరు విడిచారో తెలుసు. అతను నా వంకే చూస్తున్నాడు, చెప్తావా చెప్పవా అన్నట్టు. నేను, కత్తిపీట మీంచి బాపు విప్పి నాకిచ్చిన తువ్వాల అంచు మడతలు పెడుతూ నిలబడ్డాను. చివరికి అతనే తల తిప్పుకుని, "మీది తప్పు లేదు బాపూ," అన్నాడు. మా బాపు దాన్ని మర్యాద మాట అనుకున్నాడు. ఆ పిల్లవాడు నిజమే చెప్పాడు. ఆ గదిలో నిజం చెప్పింది అతనొక్కడే.

ఆ మీదట శామ్యూల్ నాతో ఆడలేదు. పొద్దుటి బస్సులో సీటు మీద రుమాలు ఉండేది కాదు. సారు ఆ ఎండాకాలంలోనే తన ఊరికి బదిలీ చేయించుకుని పోయారు. జూనియర్ క్రీడాకారిణిగా నా చరిత్ర ఒక ఫోటో, ఒక పాల్గొన్న సర్టిఫికెట్టుతో ముగిసింది. బాపుకు మాత్రం ముగియలేదు. కొలిమికి వచ్చిన వాళ్ళు ఎగతాళికే అనేవాళ్ళు, "రాజన్నా, మా కొడవలి జర సూసి చెయ్యి, బిడ్డ బూట్ల లెక్క జెయ్యకు" అని. వాళ్ళతో పాటు ఆయనా నవ్వేవాడు. నవ్వి, ఆ కొడవలిని ఇంకోసారి సానపట్టేవాడు. కమ్మరి వీధిలో సూదులమ్మడం అనే సామెత ఉంది. కమ్మరి వీధిలో కమ్మరికే పదును రాదని చాటిన ఘనత నాది. తరవాత కోత మిషన్లు వచ్చాయి, కొడవళ్ళ కట్టలు తగ్గిపోయాయి, కొలిమి సగం ఏడాది చల్లగా ఉండేది. అది కాలం చేసిన పని అని నాకూ తెలుసు. కానీ ఆయన తన చేతుల వైపు చూసుకునే తీరు మిషన్లు రాకముందే మారిపోయింది.

ఇప్పుడు నేను కామారెడ్డిలో సిమెంటు కోర్టు మీద ఆడపిల్లలకు, మగపిల్లలకు కలిపి స్కేటింగ్ నేర్పుతాను. చేతులు పట్టుకుని తిరగండి అంటే పట్టుకుని తిరుగుతారు. తల్లులు గోడ పక్కన కుర్చీలు వేసుకుని వీడియోలు తీసి, ఇంకా దగ్గరగా రమ్మని వాళ్ళే కేకలేస్తారు. చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. ఈ పాటి దానికా నేను చేయి విడిచింది అని వెంటనే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. ఆ అరుగు మీది ఆడవాళ్ళు రెండు రోజులు చెప్పుకుని మూడో రోజు ఇంకొకరి మాట ఎత్తుకునేవాళ్ళే. ఆ రెండు రోజులకు జడిసి నేను నా తండ్రి చేతి పనిని అమ్ముకున్నాను. పిల్లలు పడితే నేను ఎవరి తప్పు అని అడగను. అడిగే మొహం నాకు లేదు.

నాలుగో ఆదివారం పోయాను. అవ్వ అరుగు మీద ఒక్కతే బీడీలు చుడుతోంది. కొలిమి జాగా అప్పటికే సగం ఖాళీ అయింది, తిత్తి స్థానంలో బాపు పెట్టుకున్న కరెంటు ఫ్యాను ఒక మూలకు పడి ఉంది. అవ్వ లేచి లోపలికి పోయి ఒక సిమెంటు సంచి తెచ్చింది. చేతికివ్వలేదు. నేల మీద పెట్టి పక్కకు జరిగింది. వంగి విప్పితే తెల్లతోలు పసుపెక్కిన ఆ బూట్లు. తిరగేసి చూశాను. బ్లేడు అరిగి సగానికి దిగింది. దాని నడుమ, పొడుగునా, సన్నని గుంత ఉంది.

"ఎవలతోని చేయించిండు?" అని అడిగాను.

"ఎవలతోని చేయిస్తడు? ఆయన్నే చేసిండు," అంది అవ్వ మళ్ళీ చాట ముందు కూర్చుంటూ. "మడమ దిక్కు ఏలెడంత జాగల పాత గుంత మిగిలిందట, ఆకురాయి తగలకుండ. గది సూసుకుంట సూసుకుంట చేసిండు. గుండ్రంగ రాయి అరగదీసిండు దానికోసమని. ఎన్నేండ్లు చేసిండో. జర ఎక్కువ తక్కువ అయిందంటడు, మళ్ళ సాఫు జేస్తడు, మళ్ళ మొదలు పెడ్తడు. నీకు ఇద్దామంటే, సరిగ్గ ఒచ్చిందో లేదో, మళ్ళ పడ్తదేమో అని భయం. పోయే ముందట నాతోని అన్నడు, బిడ్డ ఒస్తె చూపెట్టు, పదును సరిపోయిందా అని అడుగు అని. సూడు మరి. సరిపోయిందా?"

పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి బ్లేడు మీద అడ్డంగా పెట్టాను. ఇటు ఒరగలేదు, అటు ఒరగలేదు. కదలకుండా పడుకుంది. రెండో బూటు మీదా అంతే. మిషన్ మీద చేసిన పని కూడా అంత తిన్నగా రాదు. ఆ పని తెలిసిన మనిషిగా చెబుతున్నాను.

"సరిపోయింది అవ్వా," అన్నాను. అంతటితో ఆగి ఉంటే ఆమెకు నిమ్మళంగా ఉండేది. కానీ ఇన్నేళ్ళూ నేను ఆగిపోతూ వచ్చింది అక్కడే. "ఆ పొద్దు ఇవి నేను తొడుక్కోనే లేదు. మంచి బూట్లే తొడుక్కున్న, వేరే పిల్లవి. బాపు పదునుతోని నేను పడలేదు. సిగ్గుపడి శామ్యూల్ చెయ్యి ఇడిసిపెట్టిన, అందుకు పడ్డ. బాపు మీద అబద్ధం చెప్పిన."

అవ్వ చేతిలో ఆకు సగం చుట్టి ఆగిపోయింది. తంబాకు ఒళ్ళోకి రాలింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఒళ్ళో పడిన తంబాకు ఏరి చాటలో వేసుకుంది.

"గీ మాట ఆయనకు చెప్పాలె గదా బిడ్డా," అంది. "నాకెందుకు చెప్తున్నవు?"